రాజుల గెలుపు ఇత్తడి బిళ్లలు: చూసి, చదివి, కొని దాచుకునే పద్ధతి

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు పాత నాణేలు పోగుచేసేవాళ్లకు కొదవ లేదు. చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం హాలీ సిక్కా రూపాయలు, నారాయణపేట టంకశాల వెండి రూపాయలు, వనపర్తి, గద్వాల సంస్థానాల నాణేలు ఎవరో ఒకరి దగ్గర కనబడుతూనే ఉంటాయి. ఇత్తడి బిళ్లల జోలికి మాత్రం ఎక్కువమంది పోరు. ఇత్తడి అంటే చెంబు, గంట, తూకానికి అమ్మే సరుకు అన్న చిన్నచూపు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు అదే కలిసొస్తుంది. 18వ శతాబ్దపు యూరప్‌లో రాజుగారి సైన్యం గెలిచిందన్న కబురు రాగానే గొప్పవాళ్ల కోసం బంగారు, వెండి పతకాలు కొట్టేవాళ్లు, వీధిలో జనం కోసం ఇత్తడివి. జనం కోసం కాబట్టి విస్తారంగా కొట్టారు. అందుకే ఇప్పటికీ మామూలు జీతగాడు కొనగలిగే ధరకు దొరుకుతున్నాయి.

ఒక్క షరతు. బిళ్ల మీది అక్షరాలు, తేదీ, బొమ్మ మూడూ చదివి అది ఏ రాజుది, ఏ యుద్ధమో మీ అంతట మీరు చెప్పగలిగితేనే జేబులో చెయ్యి పెట్టండి. అమ్మేవాడు చెప్పిన కథ నమ్మి కొంటే మీకు మిగిలేది ఇత్తడి తూకమే. ఈ వ్యాసంలో చెప్పేదంతా ఆ చదవడం ఎలాగన్నదే.

1. ముందు జాతి తెలుసుకోవాలి

బజారులో అన్నిటినీ కలిపి టోకెన్ అంటారు గానీ, వీటిలో మూడు రకాలున్నాయి. మూడింట్లో ఏదీ డబ్బు కాదు.

మొదటిది గెలుపు పతకం. ఒకవైపు రాజో, సేనానో, రెండోవైపు కోటో, ఓడలో, యుద్ధరంగమో. జనం కొనుక్కుని దాచుకునేవాళ్లు, కొందరు రంధ్రం వేసి మెడలో కట్టుకునేవాళ్లు.

రెండోది జెటాన్. మన ఊళ్లలో చింతగింజలు, గవ్వలు పెట్టి లెక్క చూసినట్టే, యూరప్ వ్యాపారులు గీతలు గీసిన బల్ల మీద ఈ పలుచని బిళ్లలు జరుపుతూ కూడికలు, తీసివేతలు చేసేవాళ్లు. జర్మనీలోని న్యూరెంబర్గ్ వీటికి పేరుమోసిన ఊరు. క్రావింకెల్, లాఫర్, లావర్ అనే కుటుంబాలు తరతరాలుగా అక్కడ ఇదే పని చేశాయి. బిళ్ల మీద తమ పేరు కూడా కొట్టుకునేవాళ్లు. అందుకే ఎవరు చేశారో తెలుసుకోవడం తేలిక. కాగితం మీద అంకెలతో లెక్కలు వేయడం వచ్చాక ఈ బిళ్లలు పేకాట బల్ల మీదికి చేరాయి. అప్పటి రాజుల ముఖాలు, వాళ్ల గెలుపులు వీటి మీదికి ఎక్కాయి. ఫ్రాన్స్ రాజు 14వ లూయీ బొమ్మతో ఉన్నవి ఇప్పటికీ తరచూ అమ్మకానికి వస్తుంటాయి.

మూడోది 19వ శతాబ్దపు ఇంగ్లండ్ ఆట బిళ్ల. సావరిన్ అనే బంగారు నాణెంలా కనబడేట్టు చేసిన పలుచని ఇత్తడి. దీని గురించి కింద మళ్లీ చెబుతాను. ఎందుకంటే మోసపోయే చోటు ఇదే.

2. ఒక యుద్ధాన్ని పట్టుకోండి

దొరికినవన్నీ కొంటూ పోతే పెట్టె నిండుతుంది, సేకరణ కాదు. ఒక రాజునో, ఒక యుద్ధాన్నో ఎంచుకోండి. నన్నడిగితే వెర్నన్ బిళ్లలతో మొదలుపెట్టమంటాను. కథ బాగుంటుంది, రకాలు వందల్లో ఉన్నాయి, మామూలువి ఖరీదు కావు.

కథ ఇది. 1731లో స్పెయిన్ కాపలా నావికులు రాబర్ట్ జెంకిన్స్ అనే ఇంగ్లిష్ ఓడ కెప్టెన్ చెవి కోశారు. 1739లో బ్రిటన్, స్పెయిన్‌ల మధ్య మొదలైన యుద్ధానికి ఆ చెవి పేరే నిలిచింది. ఆ ఏడాది నవంబరులో రెండో జార్జి రాజు నౌకాదళంలోని వైస్ అడ్మిరల్ ఎడ్వర్డ్ వెర్నన్ ఆరంటే ఆరు ఓడలతో వెళ్లి ఇప్పటి పనామాలోని పోర్టో బెల్లో రేవు పట్టుకున్నాడు. ఇంగ్లండ్ ఊగిపోయింది. లండన్‌లో పోర్టోబెల్లో రోడ్డుకు ఆ పేరు దీని నుంచే వచ్చింది. వెర్నన్ కింద పనిచేసిన లారెన్స్ వాషింగ్టన్ అమెరికాలో తన ఎస్టేటుకు మౌంట్ వెర్నన్ అని పేరు పెట్టుకున్నాడు. తర్వాత అది అతని తమ్ముడు జార్జి వాషింగ్టన్ ఇల్లయింది. ఇక ఇత్తడి బిళ్లలంటారా, ఎవరికి తోచిన అచ్చు వాళ్లు చెక్కి అమ్మకానికి పెట్టారు. చాలావాటి మీద ఉండే మాట ఒకటే: ‘హి టుక్ పోర్టో బెల్లో విత్ సిక్స్ షిప్స్ ఓన్లీ’. అంచు దగ్గర 1739 నవంబరు 22 తేదీ.

అసలు రుచి 1741లో ఉంది. ఈసారి వెర్నన్ ఇప్పటి కొలంబియాలోని కార్టజేనా మీదికి భారీ నౌకాదళంతో పోయాడు. మొదట్లో కొన్ని కోటలు చిక్కాయి, ఆ కబురు లండన్ చేరింది. ఇంకేముంది, ఊరంతా పడిపోయినట్టే లెక్కేసి అచ్చులు చెక్కేశారు. స్పెయిన్ సేనాని డాన్ బ్లాస్ డి లెజో మోకాళ్ల మీద కూలబడి వెర్నన్‌కు కత్తి అప్పగిస్తున్నట్టు బొమ్మ, ‘స్పెయిన్ గర్వం అణిగింది’ అన్న అర్థం వచ్చే మాట. నిజానికి కార్టజేనా పడలేదు. రోగాలతో, ఎదురుదెబ్బలతో బ్రిటిష్ సైన్యం వెనక్కి తిరిగింది. పైగా లెజోకు పాత యుద్ధాల్లోనే ఒక కాలు పోయింది, ఒక కన్ను పోయింది, ఒక చెయ్యి పనిచేయదు. బిళ్ల మీద మాత్రం రెండు కాళ్లూ మడిచి నిక్షేపంగా మోకరిల్లి ఉంటాడు. జరగని గెలుపుకు కొట్టిన ఈ ఇత్తడి ముక్క ఒక్కటి మీ దగ్గరుంటే చాలు, ఇంటికొచ్చిన చుట్టాలతో గంట సేపు మాట్లాడొచ్చు.

ఇంకో మంచి గుంపు ప్రష్యా (పాత జర్మన్ రాజ్యం) రాజు రెండో ఫ్రెడరిక్‌ది. 1757 నవంబరు 5న రాస్‌బాక్ దగ్గర ఫ్రెంచ్ కూటమి సైన్యాన్ని, సరిగ్గా నెలకు డిసెంబరు 5న లాయిటెన్ దగ్గర ఆస్ట్రియా సైన్యాన్ని ఓడించాడు. బిళ్లల మీద ఈ రెండో యుద్ధానికి లిస్సా అని ఉంటుంది, కంగారుపడకండి, రెండూ ఒకటే. అప్పుడు బ్రిటన్ అతనికి మిత్రదేశం కావడంతో ఇంగ్లిష్ జనం కూడా ఇవి ఎగబడి కొన్నారు.

స్కాట్లండ్‌లోని కల్లోడెన్‌లో 1746 ఏప్రిల్ 16న గెలిచిన కంబర్లాండ్ డ్యూక్ బిళ్లలూ దొరుకుతాయి. ఇక్కడే జాగ్రత్త. 1837 తేదీతో, గుర్రం మీద కిరీటధారి, కింద డ్రాగన్, ‘టు హానోవర్’ అన్న రాతతో ఒక బిళ్ల విరివిగా తిరుగుతుంటుంది. దీన్నీ కంబర్లాండ్ విజయం అని అంటగడతారు. అది గెలుపు కాదు, వెక్కిరింత. విక్టోరియా రాణి అయినప్పుడు, ఆడవాళ్లకు గద్దె ఇవ్వని, జర్మనీలోని హానోవర్ రాజ్యం ఆమె బాబాయికి పోయింది. ఆయనా కంబర్లాండ్ డ్యూకే, పేరు ఎర్నెస్ట్ అగస్టస్. జనానికి ఆయనంటే పడదు, పీడ విరగడైందని బిళ్లలు కొట్టారు. తర్వాత అవే పేకాట బిళ్లలయ్యాయి. నేను పైన చెప్పిన మూడో రకం ఇదే. ముచ్చటకు ఒకటి కొనుక్కోండి, కానీ విజయ పతకం ధర ఇవ్వకండి.

3. మన దగ్గరి సంగతి

‘మన రాజుల విజయ బిళ్లలు లేవా?’ అని తప్పకుండా అడుగుతారు. మన వైపు రాజులు గెలుపును రాతి మీద చెక్కించారు, జయస్తంభాలు నాటించారు, బిరుదులు పెట్టుకున్నారు, గుళ్లకు మాన్యాలిచ్చారు. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో పొట్నూరులో నాటించింది స్తంభాన్నే. అక్బరు అసీర్‌గఢ్ కోట గెలిచినప్పుడు డేగ బొమ్మతో కొట్టించింది బంగారు మొహరు. జనానికి పంచే ఇత్తడి విజయ బిళ్ల యూరప్ అలవాటు. కాబట్టి ఎవరైనా ‘కాకతీయుల విజయ బిళ్ల, ఇత్తడిది’ అని చేతిలో పెడితే నవ్వి తిరిగిచ్చేయండి.

మనకు దగ్గరగా వచ్చే ఒకే ఒక్క పెద్ద పేరు శ్రీరంగపట్నం పతకం. 1799 మే 4న టిప్పు సుల్తాన్ పడిపోయిన యుద్ధం అది. మీర్ ఆలం నాయకత్వంలో నిజాం సైన్యం కూడా కంపెనీ పక్కన ఉంది. ఈస్టిండియా కంపెనీ బర్మింగ్‌హామ్ సోహో టంకశాలలో పతకాలు కొట్టించింది. ఒకవైపు పులిని అణగదొక్కుతున్న సింహం, రెండోవైపు కోట మీద దాడి. హోదాను బట్టి బంగారం, బంగారు పూత వెండి, వెండి, కంచు, మామూలు సిపాయిలకు తగరం. ఆ జాబితాలో ఇత్తడి లేదు. ఇత్తడితో చేసిన శ్రీరంగపట్నం పతకం కనబడిందంటే అది ఈ మధ్య కాలపు నకలే అనుకోండి.

4. పనిముట్లు

పెద్ద ఖర్చేం లేదు. కంసాలులు కంటికి పెట్టుకునే పది రెట్ల భూతద్దం, గ్రాములో వందో వంతు చూపే చిన్న డిజిటల్ కాటా, మిల్లీమీటర్లు కొలిచే కాలిపర్, ఒక గట్టి అయస్కాంతం. ఇంజనీరింగ్ చదివే పిల్లలున్న ఇంట్లో కాలిపర్ ఎలాగూ ఉంటుంది. పెద్ద వెర్నన్ బిళ్లలు సుమారు 37 నుంచి 40 మిల్లీమీటర్ల మధ్య ఉంటాయి. న్యూరెంబర్గ్ జెటాన్లు 20 నుంచి 30 మధ్య, పలుచగా, చేతిలో రేకులా తేలిగ్గా.

కన్ను అలవాటు పడాలంటే మ్యూజియంలు చూడండి. నల్లగొండ వాళ్లకు పానగల్లు, పాలమూరు వాళ్లకు పిల్లలమర్రి దగ్గర్లోనే ఉన్నాయి. వెర్నన్ అక్కడ దొరకడు గానీ, నిజంగా పాతబడ్డ లోహం ఎలా ఉంటుందో తెలుస్తుంది. హైదరాబాద్ పోతే సైఫాబాద్ పాత మింట్‌లో 2022లో తెరిచిన మ్యూజియం చూసి రండి, నాణెం ఎలా కొడతారో అర్థమైతే నకిలీ పట్టుకోవడం సగం వచ్చినట్టే. బ్రిటిష్ మ్యూజియం, గ్రీనిచ్‌లోని నౌకా మ్యూజియం తమ వెర్నన్ బిళ్లల ఫొటోలు ఇంటర్నెట్‌లో పెట్టాయి. కొనబోయే ముందు వాటితో అక్షరం అక్షరం పోల్చండి.

5. చేతిలోకి తీసుకున్నాక

వేళ్లతో అంచు పట్టుకోండి, ముఖం మీద చెమట వేలు పెట్టొద్దు. కిటికీ వెలుతురులో కొంచెం వాల్చి చూడండి.

ముందు అంచు. అచ్చుల మధ్య సుత్తితోనో, స్క్రూ ప్రెస్‌తోనో కొట్టినదైతే అంచు చుట్టూ అతుకు గీత ఉండదు. పోత పోసినదైతే సన్నని అతుకు గీతో, దాన్ని ఆకురాయితో రాసిన గుర్తులో కనబడతాయి. తర్వాత అక్షరాలు. కొట్టిన బిళ్లలో అక్షరం గోడలు నిటారుగా, మొదళ్లు పదునుగా ఉంటాయి. పోతలో అక్షరాలు మెత్తబడి సబ్బు ముక్క మీది రాతలా ఉంటాయి, ఖాళీ చోట సూదిమొన రంధ్రాలు కనబడతాయి. తర్వాత అరుగుదల. నిజంగా జేబుల్లో తిరిగిన వెర్నన్ బిళ్లలో ముందు అరిగేవి ఎత్తయిన చోట్లు: ముక్కు, భుజం, కోటు మడతలు, ఓడ తెరచాప ఉబ్బు. లోతుల్లో నల్లటి మట్టి గట్టిపడి ఉంటుంది. ముక్కు, దాని పక్కనున్న పల్లం రెండూ ఒకేలా అరిగి ఉంటే ఎవరో యంత్రం మీద రుద్దారన్నమాట.

స్పెల్లింగ్ తప్పు చూసి నకిలీ అనుకోకండి. వెర్నన్ అచ్చులు చెక్కినవాళ్లు హడావుడిగా, సగం చదువుతో చెక్కారు. పోర్టో బెల్లోలో వెర్నన్‌తో పాటు ఉన్న కమడోర్ బ్రౌన్ పేరులో అక్షరం తగ్గిపోవడం, అక్షరం ఎక్కువ పడటం మామూలే. ఆ తప్పులే ఏ అచ్చుదో చెబుతాయి.

ఇంటికొచ్చాక చేసే పరీక్ష ఇంకొకటుంది. నీళ్లున్న గ్లాసు కాటా మీద పెట్టి సున్నాకు తెండి. బిళ్లను దారంతో కట్టి, గ్లాసు అడుగుకూ పక్కలకూ తగలకుండా పూర్తిగా ముంచి పట్టుకోండి. కాటా చూపే గ్రాములతో బిళ్ల అసలు బరువును భాగించండి. బిళ్ల 15.2 గ్రాములుండి కాటా 1.8 చూపితే 8.4 వస్తుంది. ఇత్తడి 8.4 నుంచి 8.7 వరకు రావాలి. ఏడు దగ్గర్లోనో, ఆ లోపో వస్తే పైన పూత, లోపల జింకు పోత. అయస్కాంతానికి అంటుకుంటే ఇనుము, ఇక లెక్కే అక్కర్లేదు.

6. జాతర బిళ్లలు, బియ్యం గుంజే బిళ్లలు

కురుమూర్తి జాతరలో, చెర్వుగట్టులో, ఏ జాతరైనా సరే, గుడ్డ పరిచి పాత సామాను పెట్టుకున్నవాళ్ల దగ్గర ఒక బిళ్ల చూసే ఉంటారు. ఒకవైపు రామ పట్టాభిషేకం, రెండోవైపు ఈస్టిండియా కంపెనీ, 1818, వన్ అణా అనో టూ అణా అనో. పెద్దగా, బరువుగా, పచ్చగా మెరుస్తుంది. కంపెనీ అలాంటి నాణెం ఎప్పుడూ కొట్టలేదు. ఇవన్నీ తర్వాతి కాలంలో భక్తులకు, ముచ్చటపడేవాళ్లకు అమ్మడానికి చేసినవి. పూజలో పెట్టుకుంటానంటే పెట్టుకోండి, ఇత్తడి ధరకు.

అసలు ప్రమాదం ఇంకోటి. ‘సార్, ఇది మామూలు బిళ్ల గాదు, బియ్యాన్ని గుంజుతది. ఇరీడియం ఉంది దీన్ల’ అంటూ మొదలయ్యే బేరం. రైస్ పుల్లింగ్ పేరుతో లక్షలు పోగొట్టుకున్నవాళ్ల వార్తలు మన జిల్లాల పేపర్లలో వస్తూనే ఉంటాయి. ఏ లోహమూ బియ్యాన్ని లాగదు. ఆ మాట నోట రాగానే లేచి వచ్చేయండి, వాదన కూడా పెట్టుకోవద్దు. పాత నాణెం కొంటామని ముందుగా కమీషనో, పన్నో కట్టమనే ఫోన్లు, ఆన్‌లైన్ ప్రకటనలు కూడా మోసాలే. తన పేరు చెప్పుకుని జరిగే ఇలాంటి దందాల గురించి రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో జనాన్ని హెచ్చరించింది.

7. ఎక్కడ వెతకాలి, ఎంతకు కొనాలి

మీ ఊళ్లోని ఇత్తడి సామాన్ల దుకాణాల్లో అప్పుడప్పుడు అడుగుతూ ఉండండి. కరిగించడానికి వచ్చిన పాత ఇత్తడిలో ఏదైనా బిళ్ల కనబడితే పక్కన పెట్టమని సేటుకు చెప్పి పెట్టుకోవడమే. ఆశ ఎక్కువ పెట్టుకోవద్దు. హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్, నాణేల ప్రదర్శనలు ఇంకొంచెం మేలు. వెర్నన్, ఫ్రెడరిక్ బిళ్లలు నమ్మకంగా కావాలంటే పేరున్న వేలం సంస్థల దగ్గరే, రసీదుతో.

దేవరకొండ వైపు తండాల్లో లంబాడా ఆడవాళ్ల పాత నగల్లో నాణేలు, బిళ్లలు కుట్టి ఉంటాయి. కొక్కెం టంకం వేసిన బిళ్లకు బజారు ధర తక్కువే. నా మాట వింటే వాటిని విడిపించి కొనకండి. బిళ్ల కన్నా ఆ నగ విలువైనది. ‘పెద్దవ్వా, ఒక్క ఫొటో తీసుకోనా?’ అని అడిగి రాసుకోండి, చాలు.

ధర విషయానికొస్తే, అరిగిన జెటాన్లు, మామూలు వెర్నన్ బిళ్లలు విదేశీ వేలాల్లో కొన్ని పదుల పౌండ్లకే పోతుంటాయి. లెజో మోకరిల్లిన రకం బాగా ఉంటే ఎక్కువ పలుకుతుంది. వేలం పాట ధర మీద కొనుగోలుదారు కమీషన్, కొరియర్, కస్టమ్స్ సుంకం పడతాయి. అవన్నీ కలిపాకే మీ పాట ఎంతో తేల్చుకోండి. రంధ్రం ఉన్న బిళ్ల సగం ధరకు వస్తే వదలకండి, అచ్చు పరిశీలనకు అదీ పనికొస్తుంది.

8. తోమొద్దు

ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి పెట్టండి. పండగ ముందు దీపపు కుందెలతో పాటు దీన్నీ చింతపండు, ఇత్తడి తోమే పొడి పెట్టి తళతళలాడించారంటే మూడు వందల ఏళ్ల ఛాయ అయిదు నిమిషాల్లో పోతుంది. ఇత్తడి అంటే రాగి, జింకు. పులుపు తగిలితే జింకు ముందు కరిగి, రాగి ఎర్రటి మచ్చలుగా తేలుతుంది. మళ్లీ ఆ ఛాయ రాదు. నిమ్మకాయ, వెనిగర్ కూడా అంతే. అమ్మోనియా ఉన్న గాజు తుడిచే ద్రవాలు ఇత్తడిని పగుళ్లు పట్టేలా చేస్తాయి.

జిడ్డు ఉంటే ల్యాబ్ సామాన్ల షాపులో దొరికే స్వచ్ఛమైన ఎసిటోన్‌లో కాసేపు ఉంచి, దూదితో రుద్దకుండా తీసి ఆరబెట్టండి. పొయ్యి దగ్గర మాత్రం కాదు, ఇట్టే అంటుకుంటుంది. ఎసిటోన్‌కు గోధుమ రంగు వచ్చిందంటే ఆ పాతదనం బూటు పాలిష్‌తో తెచ్చిందే. మట్టికి డిస్టిల్డ్ వాటర్ చాలు. ఆకుపచ్చ పొడి రాలుతూ, తుడిచినా మళ్లీ వస్తుంటే అది లోహానికి పట్టిన రోగం. ఆ బిళ్లను మిగతావాటి నుంచి వెంటనే వేరు చేయండి.

దాచడానికి మెత్తటి పీవీసీ కవర్లు వద్దు, ఏడాది తిరిగేసరికి జిగురు వదిలి బిళ్లకు పచ్చ పట్టిస్తాయి. మైలార్ (పాలిస్టర్ ప్లాస్టిక్ పొర) కవరో, మైలార్ కిటికీ ఉన్న అట్ట హోల్డరో వాడండి. మన ఎండాకాలంతో ఇబ్బంది లేదు. ఆగస్టు, సెప్టెంబరు తేమలోనే డబ్బాలో సిలికా జెల్ సంచులు మార్చాలి.

9. రాసి పెట్టడం, చట్టం

ప్రతి బిళ్లకు ఒక కార్డు పెట్టండి: ఏ యుద్ధం, తేదీ, రెండు వైపుల రాత ఉన్నదున్నట్టు, వ్యాసం, బరువు, ఎవరి దగ్గర ఎప్పుడు ఎంతకు కొన్నారు. రసీదు ఫొటో కూడా. రెండు వైపుల బొమ్మలు ఒకే దిశలో ఉన్నాయా, ఒకటి తలకిందులుగా ఉందా అన్నది కూడా రాయండి, అచ్చు గుర్తుపట్టడానికి అక్కరకొస్తుంది.

1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన ఇలాంటి వస్తువు పురావస్తువు. దాన్ని దేశం దాటించడం సొంత ఇష్టం కాదు, పోస్టులో విదేశీ స్నేహితుడికి పంపినా నేరమే. పురావస్తువులు అమ్మే వ్యాపారానికి లైసెన్సు కావాలి. కాబట్టి వ్యాపారి దగ్గర కొంటుంటే లైసెన్సు ఉందా అని అడగండి. ఇక పొలం దున్నుతుంటేనో, ఇంటి పునాది తవ్వుతుంటేనో ఏదైనా కుండ దొరికితే, అందులో ఇత్తడే ఉన్నా, పంచుకోకుండా తహసీల్దారు ద్వారా కలెక్టరుకు తెలపాలి. 2024లో సూర్యాపేట జిల్లా ఫణిగిరి తవ్వకాల్లో కుండ నిండా వేల సీసపు నాణేలు బయటపడ్డాయి. అవి చెదరకుండా ఉన్న చోటే దొరికాయి కాబట్టే ఇక్ష్వాకుల కాలపు సంగతులు చెప్పగలుగుతున్నాయి. భూమిలోంచి తీసి మీకు అమ్మజూపే బిళ్ల ఎంత చవకైనా కొనకండి.